నిలకడ నీరు

నర్సాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి
పంటు మీద పదకొండు పేజీల దూరం.
ఎదురుగాలైతే పదమూడు.
ఏటి మధ్యకు రాకముందే టికెట్లు కొట్టేస్తాను,
మిగతా నీళ్లన్నీ చదువుకోవడానికి నావే.
అంతర్వేది తీర్థం రోజుల్లో మాత్రం
ఒక్క వాక్యమైనా ఒడ్డు చేరదు.

ఈ ఏడు వచ్చిన నవలలన్నీ ఇలాగే దాటాను.
అందరూ ఆహా అన్న ఎర్ర అట్ట హత్యల పుస్తకంలో
నాలుగో దాటుకే దొరికిపోయాడు హంతకుడు.
మరీ మంచివాడు,
అడక్కుండానే అందరికీ టీ తెచ్చిస్తాడు.
అయినా చివరిదాకా చదివాను.
తెలిసిన రేవుకే కదా
రోజూ పద్దెనిమిది సార్లు వెళ్తున్నది.

హైదరాబాదు ఆఫీసు ప్రేమకథ ఒకటి,
లిఫ్టులో మొదలై లిఫ్టులోనే ఆగిపోతుంది.
నవ్వుకుంటూనే చదివాను.
ఆ పిల్ల రాజీనామా ఉత్తరంలో
"ఇట్లు" అని రాసి, పేరు రాయలేక కూర్చున్న చోట
పేజీ మీద బొటనవేలు మర్చిపోయి
మూడు స్కూటర్లను ఊరికే ఎక్కనిచ్చాను.
సాయంత్రం లెక్కలో ఆ డబ్బు నా జేబులోంచి వేశాను.

మన గోదావరి మీద రాసిన లావుపాటి నవల ఉందే,
దానిమీదే నా కోపమంతా.
మాఘమాసంలో ఎర్రనీళ్లు పారించాడాయన!
పులస చేప కూడా నెల చూసుకుని ఎదురెక్కుతుంది,
ఆయనకేం తొందరో.
చిరాగ్గా పేజీ తిప్పబోతే
లైబ్రరీ కాపీ అంచున సన్నటి పెన్సిలు రాత:
"ఈయన ఏ ఏరు చూశాడో!"

ఆ రోజు నుంచి నేను ఇద్దరి కోసం చదువుతున్నాను.

ప్రతి పుస్తకంలోనూ నాకంటే ముందే ఆ పెన్సిలు.
పేజీ గుర్తుకు తెల్లదారం ముక్క,
లేసు దారం.
ఆవిడ అనే అనుకుంటున్నాను,
మా ఊళ్లో మగవాళ్లు లేసు అమ్ముతారు గానీ అల్లరు.
టీ ఇచ్చేవాడి పేరు కింద
రెండో అధ్యాయంలోనే గీత గీసేసింది.
"ఇట్లు" దగ్గర మాత్రం
ఒక్క అక్షరమూ రాయలేదు.
దారం అక్కడే ఉంది.

ఎవరండీ అని మంగాదేవిగారిని అడిగాను.
"పేరు చెబితే జరిమానా వెయ్యాలి,
చెప్పకపోతే అక్కర్లేదు"
అని లైబ్రరీ రిజిస్టరు మూసేశారు.

ఇప్పుడిక అందరి ఎదురుచూపూ ఆ మూడో భాగం కోసం.
మొదటిది 'పోటు', రెండోది 'పాటు'.
ఉగాదికన్నారు, చవితికన్నారు,
ఇప్పుడు పుస్తకాల పండక్కంటున్నారు.
పడవ తాడు విప్పడానికి వంగిన చిన్నమ్మడు
ఏడాదిన్నరగా వంగే ఉంది.
నడుమెంత నొప్పెడుతుందో రాసేవాడికేం తెలుసు!

మూడో భాగాలంటే నాకు భయం కూడా.
డబ్బొచ్చాక కనబడ్డ పాత స్నేహితుల్లా
గట్టిగా మాట్లాడతాయి,
మన పేరు కొంచెం తప్పుగా పిలుస్తాయి.

"పోటయింది, పాటయింది,
ఇంక మూడోదేం ఉంటుంది ఏసుపాదం?" అన్నాను
పుస్తకం ముట్టని మా సరంగుతో.
సుక్కాని వదలకుండా నీళ్లకేసి చూశాడు.
"ఎందుకుండదండీ, నిలకడ.
అటూ లాగదు, ఇటూ లాగదు. కాసేపే ఉంటది.
అప్పుడు తప్పు జరిగితే
నీటి మీదకి నెట్టడానికుండదండి, మనదే."

ఆ రచయితకి ఈ మాట ఎవరైనా చెప్పారో లేదో.
చెప్పకపోతే, ఆలస్యమైనా పరవాలేదు,
కనుక్కునే రమ్మనండి.

లైబ్రరీకి వచ్చేది ఒక్కటే కాపీ.
జాబితాలో నాది రెండో పేరు.
మొదటి పేరు మీద మంగాదేవిగారు
కళ్లజోడు పెట్టె పెట్టి మాట్లాడారు.
నాకేం తొందర లేదు, ఆవిణ్ణే చదవనివ్వండి.
తిట్టాలనిపిస్తే తిట్టుకోనివ్వండి అంచుల నిండా.
ఆఖరి పేజీ ఒక్కటీ
ఉత్త దారంతో వదిలేస్తే బాగుండును.

అద్దరి వచ్చేసింది.
గొలుసు దించుతున్నారు.
ఎవరో నా నూట పదహారో పేజీ మీద
తడి చిల్లర పెట్టి వెళ్లిపోయారు.